బోర్డు లేని ఇల్లు

ఏజెంటు లేకుండా ఇల్లు అమ్ముతున్నామంటే ఇంగ్లండులో మనవాళ్ళు ముందడిగేది "ఎంత మిగులుతుంది?" అనే. 3 లక్షల పౌండ్ల ఇంటికి ఒక్క శాతం ఫీజనుకున్నా, పైన 20 శాతం వ్యాట్‌తో కలిపి 3,600. సొలిసిటర్ ఖర్చు ఎలాగూ తప్పదు. రైట్‌మూవ్ మన ప్రకటన నేరుగా తీసుకోదు.

అసలు కష్టం ఇల్లు చూపించడం. మా ఆవిడ ముచ్చటపడి వేయించుకున్న వంటింటి టైల్స్ చూసి "ఇవి పీకించేయాలి" అని వాళ్ళనుకుంటుంటే, పక్కనే నవ్వుతూ నిలబడాలి. (ఏజెంటు ఫీజు దీనికేనేమో!)

బేరం కుదిరాక టీఏ6 ఫారం. పక్కింటివాళ్ళతో తగాదాలున్నాయా అని అడుగుతుంది. కంచె గురించి మా మధ్య నడిచిన ఈమెయిళ్ళున్నాయి. రాస్తే బేరం జారిపోవచ్చు. దాస్తే రేపు కొన్నవాళ్ళు కోర్టుకెక్కొచ్చు.

రాశాం. ఫోన్ చేస్తామన్నారు, ఇంకా చేయలేదు.