ముందు తూకం, తర్వాతే సోకులు

పికప్ కొందామని మా ఇంట్లో అనుకుని ఏడాది దాటింది. ఇంకా కొనలేదు. డబ్బు ఒక్కటే కారణం కాదు, ఏ వేరియంట్, ఏ ఫిట్టింగులు అన్న దగ్గర నలుగురివి నాలుగు మాటలు. ఇదే ఆలోచనలో ఉన్న మనవాళ్ళకి పనికొస్తుందని మా మాట రాస్తున్నాం. బడిలో మేము చదివింది కన్నడం, తెలుగు రాత ఇంట్లో నాయన నేర్పిందే. తప్పులుంటే సర్దుకోండి.

మాకు కావలసింది పికప్ వెనక తొట్టిలో కూర్చునే మడత క్యాంపర్. ప్రయాణంలో దాని కప్పు కిందికి దిగి ఉంటుంది. ఆగినచోట పైకెత్తితే గుడ్డ గోడలు లేచి మనిషి నిలబడేంత గది అవుతుంది. గట్టి గోడల క్యాంపర్ కంటే తేలిక, గాలికి అంత ఊగదు, కొమ్మలు తగలవు. "మన గూడు బండే కదరా" అన్నాడు నాయన బొమ్మ చూసి. ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాం.

ఎందుకు కావాలో ఎన్నూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను. అది తీరం దాటింది బాపట్ల దగ్గరైనా ముంచింది మమ్మల్ని. ఆ వరదతోనే వాగులోకి నూనె వచ్చి పడవలకీ వలలకీ పట్టేసింది. ఇల్లు కడుక్కుని ఊపిరి పీల్చుకునేలోగా 26వ తేదీ అర్ధరాత్రి, సముద్రంలో వేసిన గొట్టంలోంచి అమోనియా. పెరియకుప్పం, చిన్నకుప్పం జనం నిద్రలో లేచి రోడ్డున పడ్డారు. మేము నాయనని స్కూటరు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని చుట్టాలింటికి పోయాం. నాలుగు రోజులు ఉన్నాం. వాళ్ళు బాగానే చూసుకున్నారు. కానీ నాయనకి మోకాళ్ళ నొప్పి, రాత్రి మూడుసార్లు లేవాలి, ఒకరి ఇంట్లో ఆయన పడ్డ మొహమాటం మేము మర్చిపోలేదు.

ఇంకొకటి ఊరు. సూళ్ళూరుపేట అవతల మా ఇల్లు అమ్మి చాలాకాలమైంది. చెంగాళమ్మ గుడికి పోయినా చీకటి పడేలోగా తిరుగు ముఖం పట్టాల్సిందే. "మన ఊళ్ళో మనం లాడ్జిలో పడుకునేదా" అంటాడాయన. అంటే మాకిది విహారం కోసం కొనే బండి కాదు. ఈ సంగతి మర్చిపోయినప్పుడల్లా ఇంట్లో చర్చ సన్‌రూఫ్ మీదికి పోతుంది.

మన దగ్గర దొరికే పికప్‌లు కొద్దే. ఇసుజు డి-మ్యాక్స్ తయారయ్యేది మాకు దగ్గరే, తడ పక్కన శ్రీసిటీలో. ఆ కర్మాగారం 2016లో మొదలైంది. టొయోటా హైలక్స్ 2022లో వచ్చింది, తయారీ బిడదిలో. మహీంద్రా, టాటా వాళ్ళ సరుకు పికప్‌లు సరేసరి. ఒక షోరూములో మేము "క్యాంపర్ పెట్టాలి" అనగానే బొలెరో క్యాంపర్ దగ్గరికి తీసుకుపోయారు. ఆ పేరుతో ఉన్నది డబల్ క్యాబ్ పికప్ అని, మేమడిగేది వేరే అని చెప్పేసరికి పావుగంట పట్టింది.

ఇక అసలు విషయం. బండి ఎంత మోయగలదు అన్నది బ్రోచర్‌లో పెద్దక్షరాల్లో ఉండదు. గుర్రపు బలం ఉంటుంది, తెర ఎన్ని అంగుళాలో ఉంటుంది. ఆర్.సి.లో రెండు అంకెలుంటాయి, ఖాళీ బండి బరువు, లోడుతో మొత్తం బరువు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మిగిలేదే మనది. ఎక్కే మనుషులంతా అందులోనే.

మా లెక్క ఇది. నలుగురం కలిపి 260 కిలోలు. క్యాంపర్ ఖాళీగా 300 అని తయారుచేసే ఆయన మాట. నీళ్ళు 60 లీటర్లంటే 60 కిలోలు. చిన్న గ్యాసు సిలిండరు, పొయ్యి 15. పరుపులు, బట్టలు, గిన్నెలు 60. పక్కన కట్టే పందిరి 15. బ్యాటరీ లిథియందైతే 15 లోపు, ఇంట్లో ఇన్వర్టరుకి వాడే ట్యూబులర్‌దైతే ఒక్కటే 50 దాటుతుంది. తేలికది వేసుకున్నా మొత్తం 725. మేము మొదట మనసుపడ్డ డబల్ క్యాబ్‌కి ఆర్.సి. లెక్క చూస్తే ఇందులో సగం కంటే కాస్త ఎక్కువ. అప్పటికి మేము చూస్తున్నది ఆ బండిలోనే ఎక్కువ హంగులున్న వేరియంట్! మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. చిన్న బటన్ రంగు తప్పితే నోట్ రాసేవాళ్ళం, ఈ తీసివేత వేయడానికి మాకు మూడు నెలలు పట్టింది.

టెక్సాస్‌లో మా బావది ఇదే కథ. అక్కడ డ్రైవరు తలుపు తీస్తే గుమ్మం మీద పసుపు తెలుపు స్టిక్కరు ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని. ఒకే పేరు, ఒకే ఇంజను ఉన్న రెండు పికప్‌లలో కూడా ఆ అంకె వేరేగా ఉండొచ్చు. ఎందుకంటే అది ఆ ఒక్క బండికి లెక్క కట్టి వేసింది. అద్దాల కప్పు, కరెంటు సీట్లు, నాలుగు చక్రాల డ్రైవు, ప్రతి హంగూ కొంచెం కొంచెం తినేస్తుంది. బావ ముందు అన్నీ ఉన్నది కొని, తర్వాత క్యాంపర్ కొనబోయి, స్టిక్కరు చూసి ఆగిపోయాడు. అక్కడున్న మనవాళ్ళకి మా సలహా ఇంతే, వెబ్‌సైటులో అంకె చూసి అడ్వాన్సు కట్టొద్దు, కొనబోయే బండి తలుపు తీసి స్టిక్కరు ఫోటో తీసుకోండి.

ఇప్పుడు గూడు బండి. నాయన చిన్నప్పుడు వెదురు బద్దల మీద చాప కప్పి, కింద గడ్డి పరిచి, తిరునాళ్ళకి పోయేవాళ్ళట. సామాను ఎక్కించడం అబ్బ ఒక్కడే చేసేవాడట, ఇంకెవర్నీ తాకనిచ్చేవాడు కాదు. బరువు ఇరుసుకి వెనక పడితే కాడి పైకి లేచి ఎద్దుల మెడకి పలుపు బిగుస్తుంది. మరీ ముందు పడితే మెడల మీద భారం. క్యాంపర్‌కీ సరిగ్గా ఇదే సూత్రం. దాని బరువు నడిమి వెనక ఇరుసు మీదో, కొంచెం ముందుకో రావాలి. వెనక్కి పోతే ముందు చక్రాలు తేలికై స్టీరింగు చేతిలో నిలవదు. డబల్ క్యాబ్ తొట్టి అయిదడుగులకి అటూ ఇటూ ఉంటుంది, వెనక తలుపు దించి పొడుగాటి క్యాంపర్ తోస్తే జరిగేది అదే. అందుకే నీళ్ళ తొట్టి, బ్యాటరీ క్యాబిన్ గోడకి ఆనించి పెట్టమని క్యాంపర్ ఆయనకి చెప్పాం.

కాబట్టి దేనికి డబ్బు పెట్టాలన్నది మాకు తేలిపోయింది. లోడు మోసే మంచి టైర్లకి, ఎంత ధరైనా. వెనక కమాను పట్టీలకి, మెకానిక్కు చూసి అవసరమంటే. అయితే ఒకటి, పట్టీలు కలిపితే బండి వెనక భాగం కుంగకపోవచ్చు గానీ ఆర్.సి.లో అంకె మారదు, బ్రేకులూ ఇరుసూ పాతవే. తొట్టిలో జారని రబ్బరు చాప కావాలి. జారే ప్లాస్టిక్ తొడుగు మాత్రం వద్దు, దాని మీద క్యాంపర్ కదులుతుంది. అడుగున తుప్పు పట్టకుండా పూత తప్పనిసరి, ఎన్నూరు గాలికి గేటు గొళ్ళేలే ఆగవు.

ఫోర్ బై ఫోర్ మాత్రం మాకొద్దు. ఇది ఇంట్లో పెద్ద గొడవ. తమ్ముడు వరద అంటాడు. మేమనేది, ముందు ఇరుసూ దాని గేరుపెట్టే బరువు మేము మోస్తూ తిరగాలి, ఆ బరువుకి నాయన పరుపు వస్తుంది. మేము పోయే దారి మింజూరు, పొన్నేరి, గుమ్మిడిపూండి, తర్వాత అంతా హైవే. పులికాట్ ఇసుకలోకి బండి దించే పని మాకు లేదు. పెద్ద చక్రాలేసి బండి ఎత్తు పెంచడం అసలే వద్దు. నాయన మెట్టెక్కలేకపోతే ఆ బండి ఎవరికి? పైన అటకలాంటి పడక మేము పడుకుంటాం, కింద బల్ల మడిస్తే పడకయ్యేది ఆయనకి. ఆటోమేటిక్ గేర్ల మీద మేమే ఇంకా తేల్చుకోలేదు. ఎన్నూరు రోడ్డు మీద కంటైనర్ లారీల వెనక క్లచ్చు తొక్కి తొక్కి కాలు పీకేవాళ్ళకి ఆ హంగు సోకు కాదేమో.

చట్టం సంగతి తక్కువగా చెప్తాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం మార్చడానికి వీల్లేదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అందుకే క్యాంపర్ దింపగలిగేలా ఉండాలి, తొట్టి కోయకూడదు. కొనకముందే ఆర్టీవో ఆఫీసులో కాగితం మీద అడగాలి. బండి నడిచేటప్పుడు లోపల మనిషి ఉండకూడదు, నాయన ఎంత బతిమాలినా సరే.

షోరూము వాళ్ళిచ్చే టెస్ట్ డ్రైవ్ ఖాళీ బండితో. తొట్టిలో 25 కిలోల బియ్యం బస్తాలు పన్నెండు వేసి నడిపిస్తామంటే ఒకచోట నవ్వారు, ఒకచోట మేనేజరుని అడగాలన్నారు. స్నేహితుడొకడు తన సరుకు పికప్ ఇస్తానన్నాడు. వచ్చే ఆదివారం మింజూరు దగ్గర కాటాకి తీసుకుపోతున్నాం. ముందు ఖాళీగా, తర్వాత బస్తాలతో, తర్వాత మేము నలుగురం క్యాబిన్‌లో కూర్చుని, మూడుసార్లు తూస్తాం. నాయన తన చేతికర్ర కూడా తెస్తానంటున్నాడు, లెక్కలో రావాలని.