ఇంధన స్వావలంబన: మనం కోరదగినదేనా?

స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండే 2047 నాటికి భారతదేశం ఇంధన స్వావలంబన సాధించాలని 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోటపై నుండి ప్రకటించారు. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకొంటున్నదే. చమురు అమ్మకంపై ఆధారపడిన కువైట్‌లో జీవనం సాగిస్తున్న మనకు, మాతృదేశం కొనుగోళ్లు తగ్గిస్తే మన ఉద్యోగాల గతి ఏమిటన్న శంక కలుగవచ్చు. అయినా ఈ లక్ష్యాన్ని అందరికంటే ముందుగా కోరవలసినవారం మనమేనని నా అభిప్రాయం.

ఇందుకు 1990వ సంవత్సరమే సాక్ష్యం. ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించగా, లక్షకు పైగా భారతీయులు అమ్మాన్ మీదుగా విమానాలలో స్వదేశం చేరారు. ఇక్కడి నుండి ఇళ్లకు వెళ్లే సొమ్ము ఆగిపోయింది. అదే సమయంలో చమురు ధర పెరిగింది. అప్పటికే బలహీనంగా ఉన్న విదేశీ మారకద్రవ్య నిల్వలు మరింత క్షీణించి, 1991లో దేశం బంగారం తాకట్టు పెట్టవలసి వచ్చింది. అనగా గల్ఫ్‌లో ఉపద్రవం వస్తే మన సంపాదన, మన ఊరి ఇంధనం ఒక్కసారే చిక్కున పడతాయి. సంపాదించేవాడు వట్టి చేతులతో ఇల్లు చేరిననాడు, ఆ ఇల్లయినా నిలదొక్కుకొని ఉండాలి కదా!

భూగర్భ సంపద ఒక్కటే స్వావలంబనను తెచ్చిపెట్టదు. బుర్గాన్ వంటి మహాచమురుక్షేత్రం గల కువైట్ సైతం, వేసవి విద్యుత్తు అవసరాల కొరకు 2009 నుండి ద్రవీకృత సహజవాయువును దిగుమతి చేసుకొంటున్నది. అదే ఏడు కృష్ణా-గోదావరి తీరాన ఆరంభమైన డి-6 వాయు ఉత్పత్తి కొద్దికాలంలోనే అంచనాలకు చాలా దిగువకు పడిపోయింది. దానిని నమ్ముకొని నిర్మించిన ఆంధ్ర విద్యుత్ కేంద్రాలు పని లేక నిలిచిపోయాయి.

కనుక ప్రభుత్వ విధానంలో ఉత్పత్తితోపాటు నిల్వకూ సమానస్థానం ఉండాలి. విశాఖపట్నంలో రాతిని తొలిచి నిర్మించిన గుహలలో 13.3 లక్షల టన్నుల ముడిచమురు పడుతుంది. కర్ణాటకలోని మంగళూరు, పాదూరు గుహలను కలిపితే మొత్తం 53.3 లక్షల టన్నులు. చమురు సంస్థల నిల్వలను మినహాయిస్తే, ఇవి నిండుగా ఉన్నా పది రోజులకు చాలవు. సూర్యశక్తికీ నిల్వ కావాలి. పగటి విద్యుత్తుతో నీటిని ఎగువ జలాశయానికి ఎత్తి, రాత్రి దానిని దించి విద్యుత్తు తీసే నంద్యాల జిల్లా పిన్నాపురం పథకం ఇందుకు మార్గదర్శకం. సౌరఫలకలు, బ్యాటరీలు కూడా స్వదేశంలోనే తయారు కావాలి. లేనిచో పరాధీనత రూపం మారుతుందే గాని తొలగిపోదు.

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వితే ప్రయోజనం లేదు. గల్ఫ్ ప్రశాంతంగా ఉన్న రోజులలోనే ఈ పని జరగాలి. ఊరిలో ఇల్లు కట్టుకొనే ప్రవాస కుటుంబాలు పైకప్పుపై సౌరఫలకలు అమర్చుకొంటే, ఆ బావికి మొదటి గడ్డపార మనమే వేసినవారమవుతాము.