ఉద్దెర ఖాతా చింపేద్దాం

పాతబస్తీ గల్లీల్లోని చిన్న కిరాణా దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన ఉద్దెర పుస్తకం కనిపిస్తుంది. చాలా కాపురాల్లోనూ కంటికి కనిపించని అలాంటి పుస్తకమే ఒకటుంటుంది. పెళ్లైన కొత్తలో అత్తగారు అన్న మాట, చెప్పకుండా తమ్ముడికిచ్చిన డబ్బు, అన్నీ అందులో వడ్డీతో సహా ఉంటాయి.

కొత్త దంపతులకు సంఘంలోని పెద్ద దంపతులను తోడుగా ఉంచి, రోజూ రాత్రి నాలుగు మాటలు నోటుపుస్తకంలో రాసుకోమని చెప్పడం మా అలవాటు. ఒక సోదరుడు నెల తిరిగేసరికి పుస్తకం నింపి తెచ్చాడు. పేజీ పేజీకీ భార్య తప్పులే, తేదీలతో సహా! అతన్నేమనగలను? ఏం రాయాలో చెప్పని తప్పు నాది.

1 కొరింథీ 13:5లో పౌలు వాడిన గ్రీకు క్రియ లెక్కలకు సంబంధించిన మాట. ప్రేమ అపకారాలకు పద్దు రాయదని దాని భావం.

జాన్ వెస్లీ 1735 నుంచి 1790 దాకా దినచర్య రాశారు. 1947లో సీఎస్‌ఐగా ఏర్పడిన సంఘాల్లో ఆయన బాటలో నడిచిన మెథడిస్టు సంఘమూ ఒకటి. అంతటి దైవజనుడి కాపురం మాత్రం నిలవలేదు. 1751లో పెళ్లాడిన మేరీ వజీల్ 1771లో ఇల్లు విడిచి వెళ్తే, తాను ఆమెను పంపలేదనీ, తిరిగి పిలవననీ ఆ దినచర్యలోనే రాసుకున్నారాయన. కలం పట్టినంత మాత్రాన మనసు కరగదు.

అందుకే ఇప్పుడు మూడే అడుగుతున్నాం. జీవిత భాగస్వామిని బట్టి ఈరోజు దేవునికి చెప్పే కృతజ్ఞత ఒకటి, నేను చేసిన తప్పు ఒకటి, ఆమె కోసం లేదా అతని కోసం ప్రార్థన ఒకటి. మరి బాధ ఉంటే? అదీ రాయాలి, దేవునికి మొరపెట్టుకున్నట్టు రాయాలి. 13వ కీర్తన ఫిర్యాదుతో మొదలై స్తుతితో ముగుస్తుంది కదా! వారానికోసారి ఎవరి పుస్తకం వారే, ఇష్టమైనంత చదువుతారు. ఒకరిది ఒకరు తెరవకూడదు. మేమూ అడగం.

అయితే చెయ్యి చేసుకునే ఇంట్లో నోటుపుస్తకం మందు కాదు. అక్కడ సహోదరికి ముందు కావలసింది భద్రత. 2005 నాటి గృహహింస చట్టం ఉంది, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. 'సహించమ్మా' అని వెనక్కి పంపే కాపరి ఆ పాపంలో పాలివాడే.

ఆ సోదరుడు కొత్త పుస్తకం మొదలుపెట్టాడు. 'నేను చేసిన తప్పు' దగ్గర చాలా రోజులు ఖాళీగానే వదిలేశాడు. చివరికి ఒక్క వాక్యం రాసి, భార్యకు తానే చదివి వినిపించాడు. వారి కాపురం ఒక్కరాత్రిలో మారలేదు గానీ, ఆ రాత్రి ఇద్దరూ కలిసి మోకరించారు.

సిలువలో క్రీస్తు మన బాకీ పత్రాన్నే కొట్టివేశాడు (కొలొస్సయి 2:14). మరి మనం ఇంకా ఎవరి పద్దు రాస్తున్నాం?