ఎంత దూరంలో నిలబడాలి?

అరబీ తరగతిలో ‘అదస్’ అన్న పదం వచ్చిన ప్రతి సంవత్సరమూ మేము పిల్లలను ఒక ప్రశ్న అడుగుతాము. అదస్ అంటే మసూరు పప్పు. ఆ సంగతి అందరికీ తెలుసు. మరి ‘అదసా’ అంటే ఏమిటి? ఒకడు పప్పు గిన్నె అంటాడు, ఇంకొకడు పప్పు వండే ఆమె అంటాడు. అప్పుడు మా కళ్లజోడు తీసి బల్ల మీద పెడతాము. లెన్సుకు అరబీలో అదే పేరు. లాటిను భాషలోనూ లెన్స్ అంటే మసూరు గింజే. నడుమ ఉబ్బి, అంచుల్లో పలచబడిన ఆ ఆకారమే రెండు భాషలవారికీ ఒకే పోలికను తోపించింది. కెమెరా అన్న మాటకు కూడ లాటినులో గది అని అర్థం. మన ఇళ్లలో పలికే ‘కమ్రా’ పోర్చుగీసువారి ద్వారా అదే మూలం నుండి వచ్చింది. చీకటి గది గోడకు చిన్న రంధ్రం చేసి, గ్రహణ సూర్యుని ప్రతిబింబం లోపల ఏ ఆకారంలో పడుతుందో వివరించిన ఇబ్నుల్ హైసం క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టాడు. కంటి నుండి కిరణాలు వెలువడి వస్తువును తాకడం వల్ల చూపు కలుగుతుందని అంతకు ముందు పలువురు పండితులు నమ్మేవారు. వస్తువు నుండి వచ్చే వెలుగే కంటిలో ప్రవేశిస్తుందని ఆయన ‘కితాబుల్ మనాజిర్’లో నిరూపించాడు.

ఈ పాఠమంతా ఒకప్పుడు మా ముందు కూర్చుని విన్న విద్యార్థి ఒకడు మొన్న అస్ర్ నమాజు తరువాత మా గదికి వచ్చాడు. ఇప్పుడతడు కదిరి చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. తండ్రి వేరుశనగ రైతు. సలాము చెప్పి, కుశల ప్రశ్నలు ముగించి, సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. తెల్లని పొడవాటి లెన్సు. 70-200, ఎఫ్ 2.8. ధర లక్షకు పైమాటే.

“హజ్రత్, నా దగ్గర పద్దెనిమిది వేలున్నాయి. మిగతాది కిస్తుల మీద తీసుకుందామనుకుంటున్నాను. మీరేమంటారు?”

కిస్తులంటే వడ్డీ కిస్తులే. ఆ విషయంలో మేమేమంటామో అతనికి తెలియనిది కాదు. కాని అతని అసలు ప్రశ్న లెన్సు గురించి. మౌల్వీని లెన్సుల గురించి అడగడమేమిటని పాఠకులు నవ్వుకోవచ్చు. పాత మసీదుల శిలాశాసనాలను, చెదలు పట్టిన చేతివ్రాత ప్రతులను ఫోటోలు తీసి భద్రపరిచే పనిలో మేము ఇరవై ఏళ్లుగా ఉన్నాము. తస్వీరు విషయంలో ఉలమాల నడుమ భిన్నాభిప్రాయాలున్న మాట నిజమే. కెమెరా చేసేది నీడను పట్టి నిలపడమే తప్ప కొత్తగా రూపం కల్పించడం కాదని ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ గత శతాబ్దపు ఆరంభంలో వాదించారు. ఒప్పుకోనివారూ ఉన్నారు. ఆ చర్చను మరొక నెలకు వాయిదా వేస్తాము.

మా సంచిలో నాలుగు లెన్సులున్నాయి. నాలుగూ ఒకరు వాడి అమ్మినవే. ఎక్కువ ఇష్టం దేని మీద అంటే, ఏమి తీస్తున్నామన్న దానిని బట్టి మారుతుంది.

చేతివ్రాత ప్రతులకు 60 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు వాడతాము. మామూలు జూము లెన్సుతో పుటను తీస్తే అంచుల్లోని పంక్తులు విల్లులా వంగుతాయి. మాక్రోలో పంక్తి పంక్తిలాగే ఉంటుంది. కెమెరాను పుటకు సరిగ్గా సమాంతరంగా బిగించి, ఎఫ్ 8 పెట్టి, కిటికీ వెలుగులో తీయాలి. ఫ్లాషు వెలిగిస్తే సిరా మెరిసి అక్షరం మాయమవుతుంది. ఇదే లెన్సు రైతుకు కూడ ఉపకారి. ఒక్క వేరుశనగ గింజ ఇంచుమించు ఫ్రేమంతా నిండేటంత దగ్గరగా చూపిస్తుంది. ఆకుముడత పురుగు సోకిన ఆకును ఇలా తీసి వ్యవసాయాధికారికి పంపితే మందు పేరు ఫోనులోనే తెలుస్తుంది. మా ఇరుగుపొరుగు రైతులు మమ్మల్ని పిలిచేది ఎక్కువగా ఈ పనికే.

శాసనాలకు లెన్సు కన్న వెలుగు ముఖ్యం. ఎదురుగా వెలుగు పడితే అరిగిన అక్షరం కనబడదు. పక్క నుండి వాలుగా టార్చి వేస్తే నీడలు లేచి అక్షరాలు చదువుకు వస్తాయి. పెనుకొండ షేర్‌ఖాన్ మసీదు వంటి పాత కట్టడాల లోపల వెనక్కు జరగడానికి చోటుండదు కనుక అక్కడ 10-20 వైడ్ లెన్సు పెడతాము. దీనితో ఒక చిక్కున్నది. కెమెరాను ఏమాత్రం పైకి ఎత్తినా స్తంభాలన్నీ లోపలికి వాలి, కట్టడం మీద పడబోతున్నట్టు కనిపిస్తుంది. కాళ్ల స్టాండు మీద కెమెరాను నిటారుగా ఉంచడం తప్ప మార్గం లేదు.

కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ముందు ఆ వైడ్ లెన్సు కూడ చిన్నదైపోతుంది. ఐదెకరాల దరిదాపు పరుచుకున్న చెట్టది. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మొదటిసారి పోయినప్పుడు చెట్టునంతా ఒక్క ఫోటోలో పట్టాలని చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయాము. ఇంటికి వచ్చి చూసుకుంటే ఏదో పొదలా ఉన్నది. రెండవసారి లోపలికి పోయి, ఒక ఊడకు ఆనుకొని కూర్చున్న గొర్రెల కాపరిని అడిగి 35తో తీశాము. ఆ ఒక్క ఊడను చూస్తే చెట్టు ఎంతటిదో తెలిసింది.

నాలుగవది 70-300 టెలీ లెన్సు. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఇళ్ల నడుమ చింతచెట్ల మీద ఏటేటా గూళ్లు కట్టే కొంగల కోసం దీనిని కొన్నాము. ఊరివారు వాటిని సైబీరియా కొంగలంటారు గాని అవి మన దక్షిణాసియా పక్షులే. పెయింటెడ్ స్టార్క్ అని వాటి పేరు. ఆ కొంగలు బెదరకూడదని అక్కడివారు టపాసులు కూడ కాల్చరు. అలాంటి చోట మనం చెట్టు కిందికి పోయి అల్లరి చేయడం మర్యాద కాదు కదా. దూరం నుండి తీసే లెన్సు అక్కడ న్యాయంగా పనికి వస్తుంది. రామగిరి గుట్టల మీది గాలిమరలను ఒకదాని వెనుక ఒకటి దగ్గరదగ్గరగా పేర్చి చూపాలన్నా ఇదే కావాలి. కాని మన సీమలో టెలీకి ఒక శత్రువున్నది. ఎండాకాలంలో పొద్దెక్కిన తరువాత నేల నుండి ఆవిరి లేచినట్టు గాలి కదులుతుంది. దూరపు దృశ్యమంతా నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది. లక్ష పోసినా లక్షన్నర పోసినా ఆ వణుకును తీసివేసే లెన్సు లేదు. ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరి, ఎనిమిది లోపల పని ముగించుకోవాలి. చేతి వణుకు సంగతి వేరు. 300 వద్ద, చిన్న సెన్సారు కెమెరాలో, సెకనులో 450వ వంతు కన్న నెమ్మదిగా తీస్తే మా వయసు వారి ఫోటోలు చెదురుతాయి.

కరువు సీమ లెన్సులకు చేసిన మేలు కూడ ఒకటున్నది. కోస్తా మిత్రుల లెన్సుల్లో తేమకు బూజు పాకి సాలెగూడులా కనిపిస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడ నమ్మకం లేని మా దగ్గర ఆ బెంగ తక్కువ. బదులుగా దుమ్ము ఉన్నది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఒడ్డున గాలికి ఇసుక మేటలు పొలాల మీదికి నడిచి వస్తాయి. అక్కడ బయట నిలబడి లెన్సు మార్చినవాడు ఆ రాత్రి సెన్సారు తుడుచుకుంటూ కూర్చోవలసిందే.

ఆ ఇసుక మేటల వైపు ఒక ఊరిలో, పదిహేనేళ్ల కిందట, ఈ టెలీతోనే మేము ఒక తప్పు చేశాము. అది వేసవి. ఊరికి నీళ్ల ట్యాంకరు వచ్చింది. మేము అరవై గజాల దూరంలో వేపచెట్టు కింద ఉన్నాము. ఒక వృద్ధురాలు ఖాళీ బిందె ఎత్తి చూపుతూ ట్యాంకరు అబ్బాయితో వాదిస్తున్నది. తల మీద కొంగు జారి భుజం మీద పడింది. నోరు తెరుచుకుని ఉన్నది. వెనుకనున్న జనం మసకబారి, ఆమె ఒక్కతే స్పష్టంగా వచ్చింది. చాలా మంచి ఫోటో అని మాకు మేమే సంతోషించాము. కరువు సహాయం కోసం కొందరు మిత్రులు అచ్చువేసిన కరపత్రానికి దానిని ఇచ్చాము. చందాలు బాగానే వచ్చాయి.

రెండు నెలల తరువాత ఒక యువకుడు మదరసాకు వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కరపత్రం. “హజ్రత్, మా నానీ ఇల్లు దాటి రావడం మానేసింది. తల మీద కొంగు లేని మనిషిని ఊరూరా పంచిపెట్టినారు. బిచ్చమడిగినట్టు ఉంది చూడండి.” చూశాము. నిజంగానే అలా ఉన్నది. ఆమె ఆనాడు అడిగింది తన వంతు నీళ్లు. మేము ఊరికి పోయి క్షమాపణ వేడుకున్నాము. ఆమె తిట్టలేదు. మజ్జిగ ఇప్పించి, “దగ్గరికొచ్చి తీసింటే కొంగు సర్దుకునేదాన్ని గదా సాబూ” అన్నది.

అప్పటి నుండి ఏ లెన్సు పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఎంత దూరంలో నిలబడాలన్నదే మాకు ముందు తోస్తుంది. 35తో మనిషిని తీయాలంటే నాలుగడుగుల దగ్గరికి పోవాలి. సలాము చెప్పాలి, పేరు అడగాలి. అతడు వద్దంటే వెనక్కు రావాలి. మరీ వైడ్ లెన్సుతో ముఖం దగ్గరికి పోతే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కు పోయి, ఆ మనిషి తన ఫోటోను చూసి నొచ్చుకుంటాడు. 85కు పెద్దల ముఖాలు నిండుగా వస్తాయి. రెండు గజాల అవతల నిలబడితే చాలు. మాటా వినబడుతుంది, అవతలివారికి ఇరుకుగానూ ఉండదు. 300తో అయితే ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు. కొంగకు అది మేలు. మనిషికి మేలా?

మా విద్యార్థికి ఇదంతా చెప్పిన తరువాత, పెళ్లిలో ఆ తెల్ల లెన్సుతో ఏమి తీయాలనుకుంటున్నావని అడిగాము. కొంతసేపు నేల చూశాడు. “ఆడవాళ్ల వైపు ఫోటోలు కావాలంటారు హజ్రత్. లోపలికి నేను పోలేను. హాలు ఈ చివర నుండి తీయవచ్చునని...”

“మరి ఇప్పుడు ఎవరు తీస్తున్నారు?”

చెల్లెలు తీస్తున్నదట. పాత కెమెరా, దానితో వచ్చిన 18-55 లెన్సు ఆమెకు ఇచ్చాడు. చీకటి గదుల్లో ఫోటోలన్నీ ఇసుక చల్లినట్టు వస్తున్నాయని, అందుకే తానే దూరం నుండి తీయాలనుకున్నానని చెప్పాడు.

అప్పుడు రాజా దీన్‌దయాళ్ సంగతి చెప్పాము. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడాయన. నిజాం ఇచ్చిన బిరుదు ‘ముసవ్విర్ జంగ్’. ఆయన 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. ఒక ఆంగ్ల వనిత దానిని నడిపింది. లోపల ఫోటోలు తీసేవారూ స్త్రీలే. నిజాం కొలువులో పనిచేసినవానికి గొప్ప లెన్సులు దొరకవా? అయినా పరదా అవతల నుండి తీసే ఉపాయం వెతకలేదు. లోపల ఉండదగినవారికే కెమెరా అప్పగించాడు.

ఇక లెక్క. 18-55 లెన్సు 50 దగ్గర ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు ఆ చోటనే దాదాపు పదింతల వెలుగును లోపలికి రానిస్తుంది. ఐఎస్ఓ 6400 పెట్టి తీసిన గదిలో 640 సరిపోతుంది. ఇసుక రాలిపోతుంది. అయితే చిన్న సెన్సారు కెమెరాలో 50 కొంచెం ఇరుకు. పెళ్లికూతురి ముఖానికి, మెహెందీ చేతులకు బాగుంటుంది గాని పదిమంది కూర్చున్న గదికి చాలదు. దానికి 35, ఎఫ్ 1.8 కావాలి. రెండూ కలిపినా, వాడినవి వెతికితే పద్దెనిమిది వేలలో దొరికే అవకాశం ఉన్నదని చెప్పాము. కొనే ముందు లెన్సును వెలుగుకు ఎత్తి లోపల బూజు ఉన్నదేమో చూడమన్నాము. రేకుల మీద నూనె మరకలు, ఫోకసు తిప్పినప్పుడు గరగరలు ఉంటే వదిలేయమన్నాము. 1.8 వద్ద తీస్తే ఒక కన్ను స్పష్టంగా ఉండి రెండవది మసకబారవచ్చు, గుంపును తీసేటప్పుడు 4కో 5.6కో మార్చమని చెల్లెలికి చెప్పమన్నాము.

అతడు వెంటనే ఒప్పుకోలేదు. తెల్ల లెన్సు పట్టుకుంటే పెళ్లివారు ఇచ్చే గౌరవమే వేరంటాడు. అదీ నిజమే. పెద్ద లెన్సు చూసి ఎక్కువ డబ్బులిచ్చేవారు మన సమాజంలో లేకపోలేదు. మఘ్రిబ్ అజాన్ కావడంతో మాట అంతటితో ఆగింది.

మూడు వారాలకు ఫోను చేశాడు. బెంగుళూరులో 35 దొరికిందట. చెల్లెలు దానితో రెండు పెళ్లిళ్లు చేసింది. రెండవ పెళ్లివారు ఆమెనే పిలిపించి, వేరుగా డబ్బులిచ్చారట. ఆ ఫోటోలు మేము చూసేవి కావు, చూడలేదు. 50 ఇంకా దొరకలేదు. వెతుకుతున్నాడు.

తెల్ల లెన్సు మీది ఆశ మాత్రం పోయినట్టు లేదు. వీరాపురం కొంగలను తీయాలి, మీ టెలీ రెండు రోజులు ఇస్తారా అని అడిగాడు. ఇచ్చాము. కొంగలు బాగా వచ్చాయి. గూటిలో పిల్ల నోటికి చేప అందిస్తున్న తల్లి కన్ను కూడ స్పష్టంగా ఉన్నది. లెన్సు మూత మాత్రం ఎక్కడో చింతచెట్టు కింద పారేసుకుని వచ్చాడు.