సొమ్ము విద్యార్థిది, సోకు స్టేడియానిది

పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఏప్రిల్ నెలంతా ఒకటే చర్చ. వర్జీనియాలోని హెర్న్‌డన్‌లోనైనా, పక్కనున్న ఆష్‌బర్న్, చాంటిలీలలోనైనా ఇదే తంతు. మే ఒకటో తేదీకల్లా ఏ కాలేజీయో తేల్చి డిపాజిట్ కట్టాలి. యూవీఏ (యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా) రాలేదు, వర్జీనియా టెక్ వెయిట్‌లిస్టులో పెట్టింది, జేఎంయూ (జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ) వచ్చింది, జార్జ్ మేసన్ అయితే ఇంటి దగ్గర్నుంచే పోయిరావచ్చు. ఈ లెక్కల మధ్య ఈమధ్య కొత్త మాటొకటి చేరింది. "జేఎంయూ పెద్ద లీగ్‌లోకి వెళ్లిందిగా అండీ, ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఈఎస్‌పీఎన్‌లో వస్తున్నాయి. ఇక దాని రేంజే వేరు." పక్కనున్నాయన అందుకుంటాడు: "ఆటల మీద అంత డబ్బొస్తే చివరికి చదువుకేగా పెట్టేది!" అందరూ తలలూపుతారు. మాట బిర్యానీ మీదికి మళ్లుతుంది.

ఆ పక్కనున్నాయన మాట తలకిందులుగా తప్పు. ఆటల డబ్బు చదువుకు రావడం అటుంచి, చదువు పేరిట మనం కట్టే డబ్బే ఆటలకు పోతోంది. కాలేజీ లీగ్ మారితే ఆ పోయేది తగ్గుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చినచోట నిలబెట్టుకోలేదు.

అసలీ లీగుల గొడవేమిటో ముందు చూద్దాం. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకోవడానికి కాలేజీలు కట్టుకున్న కూటమి. ఒకప్పుడు ఇరుగుపొరుగు రాష్ట్రాల జట్లు బస్సెక్కి వెళ్లి ఆడి, తెల్లారి క్లాసుకు అందుకునే ఏర్పాటు అది. 1984లో దేశపు సుప్రీంకోర్టు, ఫుట్‌బాల్ టీవీ హక్కులన్నీ కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ ఒక్కదాని గుప్పెట్లో ఉండటం చెల్లదని 7-2తో తీర్పు చెప్పింది. ఒప్పుకోని ఇద్దరిలో జస్టిస్ బైరన్ వైట్ ఒకరు. కాలేజీ రోజుల్లో ఆయన పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు. లోపల ఏం జరుగుతుందో తెలిసినవాడు గనకే వద్దన్నాడని నాకనిపిస్తుంది. ఆ తర్వాత కాన్ఫరెన్సులు టీవీ కంపెనీలతో సొంతంగా బేరాలాడుకున్నాయి. ఎన్ని ఇళ్లలో టీవీ మోగిస్తే అంత డబ్బు. దాంతో మ్యాపుతో పని లేకుండా పోయింది. 2024 నుంచి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ 'అట్లాంటిక్ కోస్ట్' కాన్ఫరెన్స్ (ఏసీసీ)లో ఆడుతున్నాయి. అదే ఏడాది లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్‌ఏ, మన పొటోమాక్ నది అవతలి మేరీల్యాండ్ ఉన్న బిగ్ టెన్ లీగ్‌లో చేరింది.

మేరీల్యాండ్ దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే మన ప్రాంతంలో ఈ పాఠం మొదట చెప్పింది అదే. 1953లో ఏసీసీని స్థాపించిన కాలేజీల్లో అదొకటి. 2012 నాటికి దాని క్రీడా విభాగం అప్పుల్లో ఉంది. ఆ వేసవిలో ఈత, మగపిల్లల టెన్నిస్‌తో సహా ఏడు జట్లను ఎత్తేశారు. నవంబరులో బిగ్ టెన్‌కు వెళ్తున్నట్టు ప్రకటించారు. ఈ మార్పుతో ఆటల ఆర్థిక స్థితి దశాబ్దాల పాటు భద్రమవుతుందని అప్పటి అధ్యక్షుడు వాలెస్ లో నమ్మబలికారు. ఏసీసీ 50 మిలియన్ డాలర్లకు పైగా నిష్క్రమణ రుసుము కట్టమంది. కోర్టుల చుట్టూ తిరిగి 2014లో 31 మిలియన్ల పైచిలుకుకు రాజీపడ్డారు. మరి బిగ్ టెన్ డబ్బు వచ్చిందా అంటే, ధారాళంగా వచ్చింది. ఎత్తేసిన ఈత జట్టు మాత్రం తిరిగి రాలేదు. విద్యార్థులు ఇవాళ్టికీ అథ్లెటిక్ ఫీజు కడుతూనే ఉన్నారు.

బిగ్ టెన్‌కు మేరీల్యాండ్ మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందనుకున్నారు? దానికి కావలసింది వాషింగ్టన్ చుట్టుపక్కల కేబుల్ కనెక్షన్లు. బిగ్ టెన్ సొంత చానెల్ ఈ ప్రాంతపు మామూలు ప్యాకేజీలో చేరితే ప్రతి ఇంటి నుంచీ నెలనెలా కొంత రాలుతుంది. సాయంత్రమంతా స్టార్ మా, ఈటీవీ తప్ప మరొకటి పెట్టని ఇల్లయినా సరే, కేబుల్ ఉంటే వాటా కట్టినట్టే. రట్గర్స్ యూనివర్సిటీని న్యూయార్క్ ఇళ్ల కోసం, మేరీల్యాండ్‌ను మన ఇళ్ల కోసం తీసుకున్నారు. ఇదేమీ రహస్యం కాదు, అప్పట్లో పత్రికలన్నీ రాశాయి.

ఇప్పుడు జేఎంయూ సంగతి. హెర్న్‌డన్ నుంచి 66, ఆపైన 81 హైవే పట్టుకుని రెండు గంటలు పోతే హారిసన్‌బర్గ్. మంచి యూనివర్సిటీ, అందులో నాకు పేచీ లేదు. 2022లో అది కలోనియల్ కాన్ఫరెన్స్ వదిలి సన్ బెల్ట్‌లో చేరింది, ఫుట్‌బాల్‌లో పై శ్రేణికి ఎక్కింది. పాత లీగ్‌కు ఒళ్లు మండి, వెళ్లిపోతున్న ఏడాది ఆ జట్లను తన టోర్నమెంటుల్లో ఆడనివ్వలేదు. ఆ శిక్ష పడింది నాలుగేళ్లూ కష్టపడ్డ సీనియర్ పిల్లలకు. సంతకాలు పెట్టిన పెద్దలకు ఏమీ కాలేదు.

జేఎంయూలో చదివే విద్యార్థి ఏటా కట్టే తప్పనిసరి ఫీజుల్లో ఆటల కోసం పోయేది రెండు వేల డాలర్ల పైమాటే. మళ్లీ చదవండి: ఏడాదికి, ఒక్కొక్కరు. స్టేడియం మెట్లెక్కని పిల్ల కూడా కట్టాల్సిందే. నాలుగేళ్లకు ఎనిమిది వేలు దాటుతుంది. ఇద్దరు పిల్లలుంటే పదహారు వేలు. పెట్రోలు గాలన్‌కు పది సెంట్లు తక్కువని స్టెర్లింగ్ దాకా కారు తోలే మనం ఈ పదహారు వేల వంక కన్నెత్తి చూడం. అక్కడ ఇరవై వేలకు పైగా విద్యార్థులున్నారు. గుణించుకుంటే ఏటా 40 మిలియన్ డాలర్లు దాటే సొమ్ము. అదే సన్ బెల్ట్ లాంటి లీగ్ టీవీ ఒప్పందంలో ఒక్కో కాలేజీకి దక్కేది కొద్ది మిలియన్లే. ఎవరు ఎవరిని పోషిస్తున్నారో చెప్పడానికి అకౌంటెంట్ అక్కర్లేదు.

దీన్ని నేను కనిపెట్టలేదు. వర్జీనియా శాసనసభ తరఫున ఖర్చులు తనిఖీ చేసే జేఎల్‌ఏఆర్‌సీ అనే సంస్థ 2013లోనే తేల్చింది: రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో విద్యార్థి సగటున 1,185 డాలర్లు ఆటల ఫీజు కడుతున్నాడు, ట్యూషన్, ఫీజులు కలిపిన మొత్తంలో అది 12 శాతం. దాని మీద 2015లో ఒక చట్టం వచ్చింది. ఆటల బడ్జెట్‌లో ఫీజులూ సబ్సిడీలూ ఎంత శాతం మించకూడదో అది చెబుతుంది. యూవీఏ, టెక్ లాంటి పెద్ద లీగ్ కాలేజీలకు 20 శాతం. ఫుట్‌బాల్ పై శ్రేణిలో ఉన్నా చిన్న లీగుల్లో ఉన్నవాటికి 55. కింది శ్రేణి ఫుట్‌బాల్‌కు 70. ఫుట్‌బాల్ లేని జార్జ్ మేసన్ లాంటివాటికి 78. ఆటలు కాలేజీని పోషిస్తున్నాయని నమ్మేవారు ఈ అంకెలను ఎలా సమర్థిస్తారో నాకు తెలియదు. వందలో డెబ్బై ఎనిమిది దాకా పిల్లల దగ్గర వసూలు చేసుకోవచ్చని రాష్ట్రమే గీత గీసి ఇచ్చిన వ్యాపారమిది.

శ్రేణి పెరిగితే ఆ పరిమితి 70 నుంచి 55కు దిగుతుంది గదా, అంటే విద్యార్థికి మేలే గదా అని వాదించేవాళ్లున్నారు. శాతం దిగుతుంది, నిజమే. కానీ బడ్జెట్ ఉబ్బుతున్నప్పుడు శాతం తగ్గి డాలర్లు పెరగడంలో వింతేముంది? పై శ్రేణిలో స్కాలర్‌షిప్పులు ఎక్కువ, కోచ్‌ల జీతాలు ఎక్కువ, విమానాలు ఎక్కువ. ఆ విమానాలు ఫుట్‌బాల్ జట్టుకే కాదు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలు కూడా లూసియానా, ఆర్కన్సా దాకా పోవాలి, అదీ వారం మధ్యలో, పరీక్షలు పెట్టుకుని.

ఇంతా చేసి గెలిస్తే ఏమవుతుంది? జేఎంయూ గెలిచింది కూడా. 2023లో పదకొండు మ్యాచ్‌లు గెలిచింది. ఆ సీజన్ ముగియగానే కోచ్ కర్ట్ సిగ్నెటీని బిగ్ టెన్‌కు చెందిన ఇండియానా ఎగరేసుకుపోయింది, మంచి ఆటగాళ్లు కొందరు ఆయన వెంటే వెళ్లారు. 2025లో జేఎంయూ ఏకంగా జాతీయ ప్లేఆఫ్‌కు చేరింది. ఈసారి కోచ్ బాబ్ చెస్నీ వంతు, యూసీఎల్‌ఏకు. ఫీజులు కట్టి పెంచిన తోటలో కాయ పండేవేళకు కోసుకుపోయేది పైవాడు. పోయినవాళ్లను నేను తప్పుపట్టను, పోలేని విద్యార్థి జేబు గురించే నా బాధ.

పోనీ ఆ పై మెట్టు మీదున్నవాళ్లయినా సుఖంగా ఉన్నారా? బిగ్ టెన్ 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 7 బిలియన్లకు పైబడ్డ ఒప్పందం చేసుకుంది. అందులో చేరిన యూసీఎల్‌ఏ క్రీడా విభాగం ఆరేళ్లలో పోగుచేసుకున్న లోటు 200 మిలియన్ డాలర్లు దాటింది. పైగా వెనక వదిలేసి వచ్చిన బర్క్‌లీకి ఏటా 10 మిలియన్లు పరిహారం కట్టమని రెండింటినీ నడిపే కాలిఫోర్నియా యూనివర్సిటీ రీజెంట్లు తీర్మానించారు. మన బ్లాక్స్‌బర్గ్‌లో వర్జీనియా టెక్ పాలకమండలి 2025 సెప్టెంబరులో ఆటల కోసం నాలుగేళ్లలో అదనంగా 229 మిలియన్లు సమకూర్చే ప్రణాళికకు ఆమోదముద్ర వేసింది. ఏసీసీ వాటా బిగ్ టెన్, ఎస్‌ఈసీ లీగుల కంటే తక్కువ కాబట్టి వెనకబడిపోతున్నామన్నది వారి దిగులు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటే నవ్వుకున్నాం, ఇక్కడ పులులే ఒకదాన్ని చూసి ఒకటి వాతలు పెట్టుకుంటున్నాయి.

ఖర్చు పెరగడానికి ఆటగాళ్లకు డబ్బివ్వడమే కారణమని ఈమధ్య ఒక సాకు. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందం ప్రకారం మొదటి ఏడాది ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లకు 20.5 మిలియన్ డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. పంచనివ్వండి. లక్ష మంది చూసే మ్యాచ్‌లో మోకాలు విరగ్గొట్టుకునే కుర్రాడికి జీతం దక్కడం న్యాయం. దశాబ్దాల పాటు వాడికి దక్కనివ్వకుండా ఆ సొమ్మును కోచ్‌ల జీతాలకూ పాలరాతి లాకర్ గదులకూ తగలేసినవాళ్లు ఇప్పుడు కుర్రాడి వైపు వేలు చూపితే నేనొప్పుకోను.

ఆటల్లో గెలిస్తే దరఖాస్తులు పెరుగుతాయన్న వాదనలో మాత్రం నిజముంది. దానికి సాక్ష్యం మన ఫెయిర్‌ఫాక్స్‌లోనే దొరుకుతుంది. 2006 మార్చిలో జాతీయ టోర్నమెంటులో జార్జ్ మేసన్ బాస్కెట్‌బాల్ జట్టు, పదకొండో సీడ్‌గా వచ్చి, మిషిగన్ స్టేట్‌ను, అంతకుముందు ఏడాది విజేత నార్త్ కరొలైనాను, విచిటా స్టేట్‌ను ఓడించి, వాషింగ్టన్ నగరంలో అదనపు సమయం దాకా సాగిన ఆటలో కనెక్టికట్‌ను 86-84తో మట్టికరిపించి ఫైనల్ ఫోర్‌కు చేరింది. అప్పటిదాకా మేసన్ అంటే ఎవరన్న దేశం, ఆ తర్వాత దరఖాస్తులు పంపింది. ఈ ఘనతలో లీగ్ మార్పు పాత్ర సున్నా. మేసన్ అప్పుడు చిన్న కలోనియల్ లీగ్‌లో ఉంది. ఫుట్‌బాల్ జట్టు అసలే లేదు, ఇప్పటికీ లేదు. 2011లో అదే లీగ్ నుంచి రిచ్మండ్‌లోని వీసీయూ కూడా ఫైనల్ ఫోర్ ఆడింది. తర్వాత రెండూ మెరుగైనదని అట్లాంటిక్ టెన్‌కు మారాయి, వీసీయూ 2012లో, మేసన్ 2013లో. ఫైనల్ ఫోర్ గడప రెండూ మళ్లీ తొక్కలేదు.

"ఇవన్నీ పెద్దవాళ్ల వ్యవహారాలు, మనమేం చేయగలం" అనేది చివరికి మిగిలే మాట. 2003లో ఏం జరిగిందో వినండి. ఏసీసీ విస్తరణకు సిద్ధమైంది, అందులో వర్జీనియా టెక్ పేరు లేదు. తమ లీగ్ బిగ్ ఈస్ట్‌ను చీల్చుతున్నారంటూ టెక్ కోర్టులో కేసు కూడా వేసింది. అప్పటి గవర్నర్ మార్క్ వార్నర్ కలగజేసుకున్నారు. టెక్‌ను చేర్చుకోకపోతే యూవీఏ ఓటు దొరకదని యూవీఏ అధ్యక్షుడు జాన్ కాస్టీన్ మిగతావారికి అర్థమయ్యేలా చేశారు. చేర్చుకోబోయే కాలేజీల జాబితాలో సిరక్యూజ్ పేరు పోయి టెక్ పేరు వచ్చింది, కేసు వేసిన టెక్ చప్పుడు చేయకుండా కేసులోంచి తప్పుకుంది. ఒక గవర్నర్ తలచుకుంటే లీగ్ రూపురేఖలే మారాయి. ఈ యూనివర్సిటీలు మన పన్నులతో నడిచేవి, వీటి పాలకమండళ్లను నియమించేది గవర్నరే. జేఎంయూ లీగ్ మారేటప్పుడు కూడా శాసనసభ సంఘం ముందు ఆ ఖర్చుల లెక్క చూపాల్సి వచ్చింది.

హెర్న్‌డన్ తెలుగువాళ్లం ఎన్నికలప్పుడు అభ్యర్థులను ఉగాది వేదికల మీదికి పిలిచి శాలువాలు కప్పుతాం. మనవాళ్లు అడిగేదల్లా వీసాల సంగతి, మెట్రో సంగతి, హైస్కూలు హద్దుల సంగతి. అథ్లెటిక్ ఫీజు సంగతి అడగ్గా నేను వినలేదు.

వర్జీనియా చట్టం ప్రకారం ట్యూషన్ గానీ తప్పనిసరి ఫీజులు గానీ పెంచే ముందు పాలకమండలి కనీసం 30 రోజుల ముందుగా నోటీసివ్వాలి, ప్రజలు చెప్పేది వినాలి. ఫీజుల విడి వివరాలు యూనివర్సిటీల వెబ్‌సైట్లలో ఉంటాయి, కాస్త వెతకాలి. మీ అబ్బాయో అమ్మాయో చదివే కాలేజీ నుంచి ఈసారి ఆ నోటీసు వచ్చినప్పుడు రెండు వాక్యాలు రాసి పంపండి: మా పిల్ల కట్టే ఆటల ఫీజు ఎంత, లీగ్ మారినందువల్ల వచ్చిన టీవీ వాటా ఎంత, రెండంకెలూ పక్కపక్కన వేసి చూపండి. జవాబు వస్తే మీ పక్కింటివాళ్లకు కూడా చూపించండి.