సరిచూడనివ్వని లెక్కలు

తుంగభద్ర ఒడ్డున ఉన్న మాధవరం మొదలుకొని ఎమ్మిగనూరు, ఆదోని, ఆలూరు దాకా పరుచుకున్న పడమటి కర్నూలు నల్లరేగడిలో జింకల బెడద రైతుకు కొత్త కాదు. మొలక దశలో పత్తిని, పూత మీదున్న శనగను మందలు మేసిపోతుంటే, చేను చుట్టూ పాత చీరలు కట్టి, టార్చిలైటు పట్టుకొని రాత్రంతా కాపలా కాసే రైతు అడిగే ప్రశ్న ఒకటే: జింకలు పెరిగాయా, లేక తమ బీళ్లు పోయి మా చేల మీద పడ్డాయా? మొదటిది నిజమైతే పరిష్కారం ఒకటి, రెండవది నిజమైతే మరొకటి. ఏళ్ల తరబడి, ఒకే పద్ధతిన, ఒకే ప్రాంతంలో సేకరించిన లెక్కల వరుస తప్ప మరేదీ దీనికి జవాబు చెప్పలేదు. వన్యప్రాణుల సంఖ్యను ప్రకటించడంలో మన ప్రభుత్వ వ్యవస్థలు చూపే ఉత్సాహంలో నాలుగో వంతైనా, ఆ సంఖ్య ఎలా వచ్చిందో ప్రజల ముందుంచడంలో చూపడం లేదు.

రోళ్లపాడు ఈ ఉమ్మడి కర్నూలు జిల్లాకే చెందిన విషాదం. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ సుమారు ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డిభూమిని అభయారణ్యంగా ప్రకటించారు. సాధారణంగా ఒక విడతకు ఒక్క గుడ్డే పెట్టే ఆ పక్షి నేడు రోళ్లపాడులో కనబడితే అదే వార్త. దేశం మొత్తం మీద 1969లో 1,260గా అంచనా వేసిన బట్టమేకలు 2008 నాటికి 300కు, ఇటీవలి అంచనాల్లో 150 దరిదాపులకు పడిపోయాయి. పతనం నిస్సంశయం. అది ఏ ఏట వేగం పుంజుకున్నది, కాలువలొచ్చి పంటలు మారినప్పుడా, బీళ్లు సాగులోకి వచ్చినప్పుడా, కరెంటు తీగలు అడ్డొచ్చినప్పుడా అన్నది మాత్రం ఆ మూడు అంకెలు చెప్పవు. పది మంది తిరిగి చూసిన ఏడాదికీ, నలభై మంది తిరిగి చూసిన ఏడాదికీ సంఖ్యలో వచ్చిన తేడా పక్షులదో మనుషులదో తెలియాలంటే, ఎవరు, ఎన్నాళ్లు, ఏ దారిన తిరిగారో రాసిన రికార్డులు చేతికి రావాలి.

పులుల విషయంలో ఈ గోప్యత ఎంతటి మూల్యం చెల్లింపజేసిందో దేశం ఒకసారి చూసింది. అడుగుజాడలను అచ్చు తీసి లెక్కించే పాత పద్ధతిలో, రాజస్థాన్‌లోని సరిస్కాలో 2004లో పదహారుకు పైగా పులులున్నాయని అధికారిక గణన ఘోషించింది. ఏడాది తిరగకముందే ఒక్క పులీ లేదని తేలింది. అంతటి అవమానం తర్వాత వచ్చిన కొత్త విధానం, కెమెరాలతోనూ ఆనవాళ్లతోనూ నిస్సందేహంగా మెరుగైనదే. 2006లో 1,411, 2010లో 1,706, 2014లో 2,226, 2018లో 2,967 అంటూ సంఖ్యలు ఆరోహణ క్రమంలో వెలువడ్డాయి. అడవిలో కనబడే ఆనవాళ్లను బట్టి పులుల సంఖ్యను అంచనా వేయవచ్చని ఝాలా, ఖురేషీ, గోపాల్ 2011లో ప్రచురించిన ఫలితం ఈ సౌధానికి ఒక ముఖ్య స్తంభం. అర్జున్ గోపాలస్వామి, ఉల్లాస్ కారంత్ తదితరులు 2015లో దాన్ని పరీక్షించి, అంత గాఢమైన సంబంధం సంభావ్యతకే అందదని, తమవద్దనున్న దత్తాంశంలో అది కనబడలేదని రాశారు. వారు వాడిన దత్తాంశమే ఆ పరీక్షకు పనికిరాదని ఖురేషీ బృందం 2019లో బదులిచ్చింది. ఈ వివాదంలో ఎవరిది ఒప్పు? రెండు పక్షాల ముడి లెక్కలూ మూడో వ్యక్తి ముందు లేనంత కాలం ఏ పౌరుడూ తీర్పు చెప్పలేడు. ప్రజాధనంతో జరిగిన గణన పండితుల పరస్పర ఆరోపణల దగ్గర ఆగిపోవడానికి బాధ్యత ఆ పండితుల కన్నా, ముడి వివరాలను బహిర్గతం చేయాలన్న నిబంధనను విధించని జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థదీ, కేంద్ర పర్యావరణ శాఖదీ.

ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48గా ఉన్న పులులు 2022కు 63 అయ్యాయని చదివి మేమూ సంతోషించాం. ఆ పదిహేనులో ఎన్ని పులులవి, ఎన్ని అదనంగా వెతికిన శ్రమవి? లావాటి గణన నివేదికలో పట్టికలకు కొదవ లేదు. మళ్లీ మొదటి నుంచి లెక్కించి చూసుకోవడానికి కావలసిన ముడి వివరాలే అందులో కరవు.

ముడి వివరాలు ఇస్తే వేటగాళ్లకు ఆచూకీ దొరుకుతుందన్నది ప్రభుత్వాల చిరకాల సమాధానం. ఇది కొంత నిజం కనుకనే ప్రమాదకరం. ఏ పులి ఏ రోజు కెమెరాకు చిక్కిందన్న పట్టికను, కెమెరాల స్థానాలను వాటి మధ్య దూరాలు చెడకుండా పటం మీద పక్కకు జరిపి, అడవి పేరు లేకుండా ఇవ్వవచ్చు. అంచనాకు దూరాలు కావాలి గానీ అక్షాంశ రేఖాంశాలు అక్కర్లేదు. ఏళ్ల కిందటి గణనకూ వేటగాడి భయమే చెప్పడం సాకు కాక మరేమిటి?

బహిరంగంగా పెట్టిన లెక్కలకు ఏమవుతుందో జర్మనీ చూపింది. అక్కడి అభయారణ్యాల్లో ఎగిరే పురుగుల మొత్తం బరువు 27 ఏళ్లలో 75 శాతానికి మించి తగ్గిందని 2017లో వెలువడిన క్రెఫెల్డ్ అధ్యయనం తన దత్తాంశాన్ని అందరి ముందూ పెట్టింది. వాతావరణమే ప్రధాన కారణమని 2023లో మరో బృందం వాదించింది, దాన్నీ ఇతరులు ప్రశ్నించారు. శాస్త్రానికి ఇది పరువు నష్టం కాదు. జీవావరణ శాస్త్రంలో రెండు దత్తాంశాలను 174 బృందాలకు పంచి ఇస్తే, ఒకే దత్తాంశం మీద కూడా జవాబులు పరస్పరం విభేదించిన ప్రయోగం జరిగింది. నిజాయతీపరులైన నిపుణుల మధ్యనే ఇంత తేడా వస్తున్నప్పుడు, ఒకే కార్యాలయం ఒకేసారి చేసిన లెక్కను తుది మాటగా స్వీకరించమనడం అహంకారం. ఈ వివేకం మనకు పరాయిదీ కాదు. జనపనార సాగును అంచనా వేయడానికి గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ వేర్వేరు బృందాలతో వేర్వేరుగా లెక్క తీయించి సరిపోల్చాడు. ఆయన సంస్థలోనే ఎదిగి ప్రపంచ ఖ్యాతి గడించిన సి.ఆర్.రావు, ఆదోని ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్న రోజుల్లో అదే జిల్లాలోని హడగలిలో పుట్టిన తెలుగువాడు.

ఆదోని యార్డులో పత్తి బోరెం కాటా మీదికెక్కితే ముల్లు చూడకుండా ఏ రైతూ చీటీ తీసుకోడు. ఆ రైతుకే, తన పంట మేస్తున్న జింకల విషయంలో, ముల్లు చూసే హక్కు లేకుండా చేశారు. పరిహారం ఎంత, మందలను తరలించాలా వద్దా అన్న నిర్ణయాలు ఆ లెక్క మీద ఆధారపడి ఉన్నాయి.

కనుక రాష్ట్ర అటవీ శాఖ రోళ్లపాడు రికార్డులను 1988 నుంచి ఏడాదివారీగా, ఎవరు ఎంత తిరిగి చూశారన్న వివరంతో సహా వెల్లడించాలి. పడమటి మండలాల జింకల లెక్కనూ, దాన్ని తీసిన విధానాన్నీ తెలుగులో మండల కార్యాలయాల్లో ఉంచాలి. తదుపరి పులుల గణన ఫలితం ప్రకటించే రోజునే ముడి దత్తాంశాన్నీ, లెక్కించిన క్రమాన్నీ కేంద్రం విడుదల చేయాలి. ముఖ్య విధానాలకు ఆధారమైన వాస్తవాలను ఎవరూ అడగకముందే ప్రచురించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ 2005 నుంచీ చెబుతూనే ఉంది.