మేనరికమని డాక్టరుకు చెప్పండి

అక్కలూ, చెల్లెళ్ళూ, ఊళ్ళో ఉండి ఇది చదివే అత్తయ్యలూ!

మా స్కార్‌బరోలో పుట్టిన పిల్లలకు ఒంటారియో ప్రభుత్వం ఉచితంగా వినికిడి పరీక్ష చేయిస్తుంది. 2019 నుంచి, తల్లిదండ్రులు సరేనంటే, మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలో చెవుడు తెచ్చే కొన్ని జన్యు మార్పుల్ని కూడా చూస్తున్నారు. ఏదైనా తేడా ఉంటే డాక్టరు అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరిద్దరూ బంధువులా?" అక్కడే మనం తడబడతాం. బావని 'కజిన్' అని చెప్పాలంటే నోరు రాదు. వీళ్ళేమనుకుంటారోనని "నో" అనేస్తాం.

అలా అనకండి. ఎందుకో చెప్తాను.

తల ఊపుకుంటూ ఒకేచోట గిరగిరా తిరిగే చెవిటి ఎలుకలు ల్యాబుల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని 'షేకర్' ఎలుకలంటారు. వినికిడికీ, ఒళ్ళు తూలకుండా నిలబడడానికీ పనిచేసే కణాలు లోపలి చెవిలో పక్కపక్కనే ఉంటాయి. ఒక జన్యువు చెడితే రెండూ పోవచ్చు. షేకర్ ఎలుకల్లో చెడిన జన్యువు మయో7ఏ అని 1995లో తేలింది. మనుషుల్లో అషర్ సిండ్రోమ్‌లో ఒక రకానికి కారణం కూడా అదేనని ఆ ఏడాదే తెలిసింది. ఆ పిల్లలు పుట్టుకతోనే వినలేరు, నడక బాగా ఆలస్యమవుతుంది, పెద్దవుతుంటే చూపు తగ్గుతుంది. ఎలుకకి మాత్రం చూపు అలా పోదు. అంటే ఎలుక అన్నీ చెప్పదు, మిగతాది కుటుంబం చెప్పాలి.

అందుకే, వినికిడి లోపమున్న బిడ్డకు నడక కూడా ఆలస్యమైతే "మా వాళ్ళందరూ అంతే" అని ఊరుకోకండి.

అత్తయ్యలూ, ఇలాంటి చెవుడు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండు కలవాలి. కోడలు గ్రహణం చూసినందుకు కాదు. మేనరికంలో ఒకే తాతగారి జన్యువు రెండువైపులా వచ్చే అవకాశం ఎక్కువ, అంతే. మేనరికం చేసుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు. బయటి సంబంధాల్లోనూ ఈ చెవుడు రావచ్చు.

ఓటోఫ్ అనే మరో జన్యువు లోపంతో పుట్టిన కొందరు పిల్లలు జన్యు చికిత్స తర్వాత వినగలిగారని 2024లో డాక్టర్లు ప్రకటించారు. ఆ చికిత్స ముందు ఎలుకల్లోనే పనిచేసింది. చెడింది ఏ జన్యువో తెలిస్తేనే అలాంటి దారి దొరుకుతుంది.

ఈసారి అడిగితే "అవును, మా బావనే చేసుకున్నాను" అనండి. ఇందులో తలదించుకోవలసింది ఏమీ లేదు.